‘అంటు’ శబ్దార్థవిచారము

తెలుఁగున మఱకను గూర్చి చెప్పునపుడు వాడు క్రియలలో ‘అంటు’ ముఖ్యమైనది. చేతికి నూనె యంటినది, బట్టకుఁ బసు పంటినది, వ్రేలికి సిరా యంటినది అని పండితులును బామరులును నొక్క తీరుననే పలుకుదురు. అయినను నీపదమే వంటయింట నొక యర్థమును, మామిడితోఁటలో నొక యర్థమును, పండుగనాఁటి తలంటున నొక యర్థమును, వ్యాధివిషయమున నొక యర్థమును, జాతివిషయమున మఱియొక యర్థమును నిచ్చుచున్నది. నిఘంటువు లీయర్థములను వరుసగా నెన్ని చూపును. వాని నెల్లఁ గూర్చిన దారమును జూపుట నిఘంటువు పని గాదు. ఆదారమును వెదకుటయు, నది యెచ్చటఁ దెగినదో చూచుటయు నీవ్యాసమున కుద్దేశము.

తొలుత నొక భ్రాంతిని దొలఁగింపవలెను. వ్యావహారికమునందలి ‘అంటూ’, ‘అంటున్నాఁడు’ అను రూపములు ‘అను’ ధాతువునుండి పుట్టినవి. గ్రంథభాషయందు వానికి ‘అనుచు’, ‘అనుచున్నాఁడు’ అని రూపములు. వానితో నీవిచారమునకు సంబంధము లేదు. ఇచట విచారింపఁబడునది అంటెను, అంటక, అంటని, అంటించు అను రూపములు గల వేఱొక క్రియయు, దానినుండి యేర్పడిన ‘అంటు’ అను నామమును మాత్రమే.

మఱక యేర్పడు తెఱఁగును దెల్పు క్రియలు తెలుఁగునఁ బెక్కులు గలవు. ఇనుమునకుఁ దుప్పు పట్టును. మెట్లకుఁ బాచి పట్టును. పండ్లకు గార పట్టును. వీనియందు మాలిన్య మాయావస్తువుల మీఁదనే క్రమక్రమముగాఁ బుట్టి పెరుగును. తుప్పు పట్టిన మేకునకుఁ దడిబట్టను దగిలించినచో మాత్రము బట్టకుఁ దుప్పు ‘అంటినది’ అందురే కాని ‘పట్టినది’ అనరు. ఆతుప్పు బట్టయందుఁ బుట్టలేదు, మేకునుండి వచ్చినది. దుమ్ము పడును, దులిపినఁ బోవును. గోరింటాకు విషయమున నివి యేవియుఁ గాక ‘పండు’ అను క్రియ వచ్చును. చేయి పండినది యందురు. కోరి పెట్టుకొన్న రంగు గనుక దానిని మఱకగాఁ గాక ఫలముగా నెంచిరి.

కాఁబట్టి ‘అంటు’ అనుటకు మూఁడు లక్షణములు కావలసియున్నవి. రెండు వస్తువులు వేఱువేఱుగా నుండవలెను. ఒకటి రెండవదానిని దాఁకవలెను. తాఁకినది తొలఁగినను, దానిదైన దేదో యొకటి రెండవదానియందు నిలిచియుండవలెను. లేదా తాఁకినదియే తొలఁగక నిలువవలెను. ఈమూఁడవ లక్షణమే యీపదమునకుఁ బ్రాణము. తామరాకును నీరు తాఁకును గాని యంటదు. ఆకు మీఁది మైనపుఁబొరయు, కంటికిఁ గానరాని సన్నని బుడిపెలును నీటిని నిలువనీయక బొట్టుగాఁ జేసి దొరలించును. తాఁకుటకును నంటుటకును గల భేదమున కింతకంటెఁ జక్కని లక్ష్యము లేదు. ఎందును దగులుకొనక మెలఁగువానిని గూర్చి ‘అంటీ యంటనట్లున్నాఁడు’ అను పలుకుబడి యీపోలికకుఁ దగియున్నది. ఒడలెల్ల నూనె పూసికొని యిసుకలోఁ బొరలినను నంటునదే యంటునను సామెతయందును నిదియే భావము. ఇసుక యంతయు నొడలిని దాఁకినది. అంటినది మాత్రము కొంతయే.

నామములతోఁ బోల్చిచూచిన నీక్రియయొక్క ప్రత్యేకత యింకను స్ఫుటమగును. ‘మచ్చ’ దేహముతోడనే పుట్టవచ్చును. కనుకనే పుట్టుమచ్చ గలదు, పుట్టుమఱక లేదు. ‘డాగు’ పారసీకమునుండి యుర్దూ ద్వారమునఁ దెలుఁగునకు వచ్చినది. ‘కఱ’ ప్రాచీనమైన దేశ్యము. నలుపు, మఱక యను రెండర్థములును గలది. విషముచే నల్లనైన కంఠము గలవాఁ డగుటచే శివుఁడు కఱకంఠుఁడు. దీనికి సజాతీయములైన తమిళపు ‘కఱై’, మలయాళపు ‘కఱ’ నేఁడును మఱక యను నర్థమున వాడుకయం దున్నవి. తెలుఁగున శకటరేఫ ముచ్చారణమునఁ జెడుటచే నీపదము ‘కర’ అని వ్రాయఁబడి, హస్తవాచియగు సంస్కృతశబ్దముతోఁ గలిసిపోవుచున్నది. బాలురకు నేర్పునపు డీరెంటిని విడఁదీసి చూపుట యవసరము. ఇవన్నియు నిలిచియున్న గుఱుతును జెప్పు నామములు. ఆగుఱు తెచటినుండి యెట్లు వచ్చినదో చెప్పునది ‘అంటు’ అను క్రియ.

స్పర్శకును మఱకకును గల భేదమును వ్యాకరణము విభక్తిచేఁ దెలుపుచున్నది. ‘గోపురము మింటి నంటినది’ అనునపుడు మిన్ను ద్వితీయాంతము. కర్తయగు గోపురము దాఁకినట్లు చెప్పఁబడినదే కాని, మింటియందు దాని దేదియు నిలిచినట్లు చెప్పఁబడలేదు. ‘నూనె చేతి కంటినది’ అనునపుడు చేయి కు-వర్ణకముతోఁ గూడినది. బాలవ్యాకరణము ననుసరించి యిది షష్ఠి. కర్తయగు నూనె చేతియందు నిలిచినది. కేకలు మిన్నంటినవి, ధరలు నింగి నంటినవి అనునవి మొదటి తెగ. రంగు బట్ట కంటినది, జలుబు పిల్లవాని కంటినది అనునవి రెండవ తెగ. దీనిని బడిలో నొక చిన్న ప్రశ్నచే బోధింపవచ్చును. వాక్యమును జెప్పి, ‘ఏమి యంటినది? దేని కంటినది?’ అని యడుగవలెను. రెంటికిని స్పష్టమైన యుత్తరము వచ్చినచో నది మఱకకుఁ జెందిన యంటు. ఈప్రశ్నను గుర్తుంచుకొని పదముయొక్క వివిధవ్యవహారములను బరికింపవచ్చును.

సోదరభాషలఁ జూచినచో నీపదము నడచిన దారి కొంత తెలియును. తమిళమున ‘అండు’ అనఁగాఁ జేరువకు వచ్చుట, ఆశ్రయించుట, పొరుగిల్లు ‘అండైవీడు’. కన్నడమున ‘అంటు’ అనఁగా నతుకుకొనుట. నామముగా జిగురునకును నదియే పేరు. తెలుఁగున జిగురు నంటని చెప్పుట లేదు. ఇచట నీపదము తాఁకుట, అతుకుట యను నర్థములతోపాటు మఱక యగుటవఱకు వ్యాపించినది. చేరుట, తాఁకుట, నిలుచుట యను మూఁడు మెట్లును నీమూఁడు భాషలయం దొక్కొక్కటి యొక్కొక్కచోఁ బ్రధానమై కానవచ్చుచున్నవి. ఉత్తరేణికిఁ దెలుఁగున ‘అంటిస’ యను పేరుండుటయు గమనింపఁదగినది. దాని కాయలు త్రోవను బోవువారి బట్టలకుఁ గఱచుకొని విడువవు.

రంగులు వేయువారి వృత్తియం దీపదమున కర్థ మెక్కువ లోఁతుగాఁ దెలియును. మచిలీపట్టణము, పెడన, శ్రీకాళహస్తి ప్రాంతములఁ గలంకారీ పని చేయువా రెఱుఁగుదురు: రంగు నీటిలో ముంచినంత మాత్రమున రంగు బట్ట కంటదు. తొలుతఁ గరక్కాయపొడిని గేదెపాలతోఁ గలిపి యందు బట్టను నానఁబెట్టుదురు. పాలలోని జిడ్డు రంగును బ్రక్కలకుఁ బాఱనీయదు. బెల్లముతోఁ బులియఁబెట్టిన యినుపనీటితో గీఁత గీచినప్పుడు, కరక్కాయలోని వగరు ఆయినుముతోఁ గలిసి నలుపగును. ఎఱుపు కావలసినచోటఁ బటికనీటిని బూసి, పిదప బట్టను ఎఱుపునిచ్చు చెక్కతోనో వేరుతోనో కాఁచుదురు. పూర్వ మీపనికిఁ జిరివేరు ప్రసిద్ధము. కాఁగుచున్నపుడు బట్టయంతయు నెఱ్ఱనగును. పాఱునీట నుదికి యెండఁబెట్టఁగాఁ బటిక పూసినచోటనే యెఱుపు నిలిచి, తక్కినచోటులఁ బోవును. పటిక యొక చేత నూలును, ఒక చేత రంగును బట్టుకొనియుండుటయే దీనికిఁ గారణము. బట్టయంతటను రంగు తాఁకినది. పటిక యున్నచోటనే యంటినది. తాఁకుటకు రెండు వస్తువులు చాలును. అంటుటకు నిలుపునట్టి మూఁడవ దొకటి కావలెను. అది జిడ్డు కావచ్చును, వగరు కావచ్చును, పటిక కావచ్చును. చాకలివారు బట్టలకు గుఱుతు పెట్టుటకు నల్లజీడిరసమును వాడి, యది చెదరకుండ సున్నము నద్దుటయు నీతెలివియే.

వంటయింటి ‘అంట్లు’ అనునది ‘అంటు’ యొక్క బహువచనమే. కాటు కాట్లును, పాటు పాట్లును నైనట్లు లు-వర్ణకము పరమగునపుడు తుది యుకారము లోపించినది. మెతుకులును, గూరజిడ్డును నంటియున్న పాత్రలు గనుక నవి యంట్లు. దీనిని ఎంగిలితోఁ గలుపరాదు. నోరు సోఁకినది ఎంగిలి. వండిన పదార్థ మంటినది యంటు. పప్పు వండిన గిన్నె నెవ్వరి నోరును దాఁకకపోయినను నది యంటుగిన్నెయే. ఏమి యంటినదని యడిగిన, పప్పని చెప్పవచ్చును. బూడిదతోను, పీచుతోను దోమి కడిగినచో నాగిన్నెయే శుభ్రమగును. ఈవాడుకనుబట్టి యొక విషయము తేలుచున్నది. అంటినది పోవునో పోదో ‘అంటు’ అను పదము చెప్పదు. కడిగినను బోనిది మఱక. కడిగినఁ బోవునది యంట్లలోని జిడ్డు. అంటుట రెంటికిని సమానమే.

తలంటున నంటునది నూనె. నరకచతుర్దశినాఁటి వేకువను, ఉగాదినాఁడును దల్లి బిడ్డల తలకు నూనె యంటి, కుంకుడురసముతో రుద్ది, స్నానము చేయించును. ఇచట క్రియ సకర్మకమై, మర్దించుట యను నర్థమునఁ బ్రవర్తించుచున్నది. ఒకే పనిని రెండు విధముల నిచటఁ జెప్పవచ్చును: నూనె తల కంటినది, తల్లి తల యంటినది. మాలిన్యమను భావ మిందు లేశమును లేదు. అంటుట మంచియుఁ గాదు, చెడ్డయుఁ గాదు. అంటిన వస్తువునుబట్టియే యది మంచియో చెడ్డయో యగును.

తోఁటపనియం దీపదము పూర్తిగా శుభార్థకము. టెంకనుండి మొలచిన మామిడి తల్లిచెట్టు గుణమునే యిచ్చునను నమ్మకము లేదు. బంగినపల్లి పండు మరల బంగినపల్లిగానే కావలెనన్నచో నంటు కట్టవలెను. కుండలోఁ బెంచిన చిన్నమొక్కను దల్లిచెట్టు కొమ్మ దాపునకుఁ జేర్చి, రెంటి బెరడును నొక్కొక్కచోటఁ జెక్కి, కోఁతలు కలియునట్లు బిగించి కట్టుదురు. కొన్ని వారములకు రెండును నేకమగును; అప్పుడు మొక్కతలను, కొమ్మమొదలును ఖండించి వేఱుచేయుదురు. వేళ్లు మొక్కవి, ఫలము కొమ్మది. కొమ్మను వంచి మట్టిలోఁ ద్రొక్కి వేళ్లు పుట్టించుట నేలయంటు. కొమ్మ నున్నచోటనే బెరడు తీసి, తడినాచుతోనో మట్టితోనో కప్పి వేళ్లు పుట్టించుట గాలియంటు. కట్టునది యొక పద్ధతి, త్రొక్కునది యొక పద్ధతి. కావుననే మొదటిదానిని ‘అంటు కట్టుట’ యనియు, రెండవదానిని ‘అంటు త్రొక్కుట’ యనియు రైతులు వేఱుగాఁ జెప్పుదురు. అంటు మామిడియం దేమి యంటినదని యడిగినఁ గొమ్మ యని తడుముకొనక చెప్పవచ్చును.

నిప్పు విషయమున నొక చిత్రము గలదు. తెలుఁగున స్పర్శార్థకములైన మూఁడు క్రియలు ప్రేరణరూపమున నిప్పు రగుల్చుట యను నర్థము నిచ్చుచున్నవి. అంటు - దీప మంటించుట. ముట్టు - చుట్ట ముట్టించుట. తగులు - ఇల్లు తగులఁబెట్టుట. తాఁకు, సోఁకు అను క్రియల కీయర్థము రాలేదు. తాఁకించుట యనఁగా నిప్పు పెట్టుట కాదు. నిప్పు స్పర్శచేతనే యొకదానినుండి యొకదానికిఁ బోవును. కాని స్పర్శ ముగిసిన పిదప నది రెండవదానియందు నిలువవలెను. అంటు, ముట్టు, తగులు అనువానియం దీనిలుకడ యను నంశ మున్నది, తాఁకుటయందు లేదు.

వ్యాధివిషయమున నీపదము చిరకాలముగా వాడఁబడుచున్నది. సూక్ష్మజీవులను గన్నులఁ జూడకముందే, రోగి నంటిపెట్టుకొనియున్నవారికిఁ గొన్ని రోగములు వచ్చుటను జనులు గమనించి వాని నంటురోగములనిరి. ఏమి యంటినదను ప్రశ్నకు నాఁ డుత్తరము లేదు. 1873లో హాన్సెన్ కుష్ఠమునకును, 1883లో కాక్ కలరాకును, 1894లో యెర్సిన్ ప్లేగునకును గారణమైన సూక్ష్మజీవులను గుర్తించుటతో నుత్తరము వచ్చినది. శాస్త్రము పదమును సమర్థించుటయే కాదు, కొన్నిచోట్ల దిద్దినది గూడను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదునందు రోనాల్డ్ రాస్ మలేరియాక్రిమిని దోమ కడుపులోఁ గనుఁగొనెను. రోగిని దాఁకినంతమాత్రమున మలేరియా రాదు. నడుమ దోమ కావలెను. కావున మలేరియాను స్పర్శచేఁ గలుగు నంటురోగములలోఁ జేర్చుట సరిగాదు. 2020లోఁ గరోనా వ్యాధి వ్యాపించినపుడు తెలుఁగుపత్రికలు ‘అంటిన’ అనుటకంటె ‘సోఁకిన’ అనుటకే యలవాటుపడినవి. గాలి సోఁకుట యను ప్రాచీనవ్యవహారమునుబట్టి చూడఁగా, నూపిరిద్వారమున వచ్చు వ్యాధి కది తగిన పదమే.

ఇచటివఱకు దారము తెగలేదు. నూనె, రంగు, మెతుకు, కొమ్మ, నిప్పు, క్రిమి - అంటినది యేదో ప్రతిచోటను జెప్పుటకు వీలున్నది. ఆచారవిషయమైన యంటునఁ గథ వేఱు. మడి గట్టుకొన్న యామె ‘నన్నంటకుము’ అనును. ఈవాక్యమునఁ ‘నన్ను’ అనునది ద్వితీయ. వ్యాకరణమునుబట్టి యిది స్పర్శను మాత్రమే చెప్పుచున్నది. అర్థమునుబట్టి మాత్రము మఱకను జెప్పుచున్నది. ఏమి యంటునని యడిగిన నూనె యనియో సిరా యనియో చెప్పుటకు వీలులేదు. కర్తగా నుండవలసిన మాలిన్యద్రవ్యమునకు వాక్యమున స్థానము లేదు. ఆస్థానమును నాచారము పూరించుచున్నది. ఇంటఁ బురుడైనను, మరణము గలిగినను, స్త్రీ బయటఁ జేరినను వాడు అంటు, ముట్టు, మైల యను పదములన్నియు నీతెగకుఁ జెందినవే. వీనిలో ‘మైల’ ప్రాకృతపు ‘మఇల’ శబ్దముతో సంబంధించినది. హిందీలో ‘మైలా’ యనఁగా నేఁడును మాసినదనియే యర్థము. బట్టను గూర్చిన పదము మనుష్యునిమీఁది కెట్లు వచ్చినదో యిది తెలుపుచున్నది. తమిళమునను నిదే జరిగినది. అచట ‘తీండు’ అనఁగాఁ దాఁకుట. ‘తీట్టు’ అనఁగా నాశౌచము. ‘తీండామై’ యనఁగా నస్పృశ్యత. ధాతువు వేఱైనను మార్గ మొక్కటియే. కాఁబట్టి యీయర్థము తెలుఁగు ధాతువులోఁ బుట్టినది కాదు, సంఘములోఁ బుట్టినది.

ఈయాచారపు టంట్లలోఁ గూడ నొక భేదము గలదు. పురిటికి నిన్ని దినములనియు, మరణమున కిన్ని దినములనియు గడువు గలదు. స్నానముతో నది ముగియును. మడి చెడినవాఁడు మరల స్నానము చేసిన మడియగును. అంట్లగిన్నెవలెనే వీనికిని గడుగుట యనునది కలదు. ‘అంటరాని’ వారని కొన్ని జాతుల నెంచినచో మాత్ర మీనియమము తలక్రిందయినది. అంటుకొన్నవాఁడు స్నానముచే శుద్ధుఁ డగునని యాచారము చెప్పినది. ఎవ్వని నంటుట దోషమనిరో, వానికి మాత్ర మేస్నానమును విధింపలేదు, ఏగడువును జెప్పలేదు. ఆచేతులతోఁ గోసిన ధాన్యము గాదెలోనికి వచ్చినది. ఆచేతులతోఁ గుట్టిన తోలుబాన కపిలబావినుండి నీరు తోడి పొలమును దడిపినది. ఆచేతులు కుట్టిన చెప్పులఁ గాళ్లకుఁ దొడిగిరి. ధాన్యమునకు, నీటికి, దోలునకు నంటనిది మనుష్యున కెట్లంటినదను ప్రశ్న కుత్తరము లేదు. వ్యాధిక్రిములును గంటికిఁ గానరావుగదా యనవచ్చును. కాని క్రిమి కులము నెన్నుకొనదు, పరీక్షకు నిలుచును, ఔషధమునకు లొంగును. ఈయంటు పుట్టుకను మాత్రమే యెన్నుకొన్నది, ఏపరీక్షకును నిలువలేదు.

‘అంటరాని’ యను రూపమును విడఁదీసి చూచిన నిచట జరిగిన పొరపాటు తెలియును. ‘అంట’ అనునది తుమున్నర్థకము. ‘రాని’ యనునది ‘రాదు’ అను నిషేధమునుండి యేర్పడిన విశేషణము. చెప్పరాని మాట, చూడరాని దృశ్యము, పోరాని చోటు - ఇవన్నియు నొక్క తీరు. ‘పోరాని చోటు’ అనఁగా నితరులు పోఁగూడదని విధింపఁబడిన చోటు. పోవుటయనునది యాచోటియొక్క క్రియ కాదు. అట్లే ‘అంటరానివాఁడు’ అనఁగా వాని నంటరాదని యితరులు తమకుఁ దాము విధించుకొన్నవాఁడని మాత్రమే శబ్దార్థము. నిషేధ మితరులది, గుణ మాతనిది గాదు. సంస్కృతపు ‘అస్పృశ్య’ శబ్దమునందలి కృత్యప్రత్యయమును నిట్లే స్పృశించువారి విధినిషేధములనే తెలుపును. దీనిమీఁదఁ ‘తనము’ చేరి ‘అంటరానితనము’ ఏర్పడఁగా నర్థము మాఱిపోయినది. మంచితనము, పిఱికితనము, చిన్నతనము అనునపుడు ‘తనము’ వానియం దున్న గుణమును జెప్పును. ఆప్రత్యయబలముచే నిషేధము గుణమువలెఁ గానవచ్చినది. ఒకరు పెట్టిన యాంక్ష మఱియొకని స్వభావమైనట్లు వినఁబడినది. వ్యాకరణమునఁ జిన్నదిగాఁ దోఁచు నీమార్పు వెనుకఁ దరతరముల మనుష్యుల బ్రదుకు లున్నవి.

ఈమాట బరువును నందులకు గుఱియైనవారే ముందుగా గుర్తించిరి. 1917లో బెజవాడయందుఁ బంచమసభగాఁ దలపెట్టఁబడిన సభకు భాగ్యరెడ్డివర్మ యధ్యక్షుఁడై, పంచములను పేరును నిరాకరించెను. ‘ఆదిఆంధ్రులు’ అను పేరు వ్యాప్తికి వచ్చినది. అందలి విశేషము పేరు మార్చుట మాత్రమే కాదు. ఇతరులు తమ్ముఁ జూచు చూపునుబట్టి పెట్టిన పేరును విడిచి, తాము పుట్టిన దేశమునుబట్టి పేరు పెట్టుకొనుట యది. 1950 జనవరి 26వ తేదీన నమలునకు వచ్చిన భారతరాజ్యాంగమునందలి 17వ యధికరణ మస్పృశ్యతను రద్దుచేసి, దాని నేరూపమునఁ బాటించుటయు నిషిద్ధమనెను. 1955లో నందులకుఁ బ్రత్యేకశాసనము వచ్చినది. అస్పృశ్యతాశబ్దమునకు రాజ్యాంగమున నిర్వచనము లేకుండుట భాషావిషయమున నాలోచింపఁదగినది. వస్తువున్న పదమును నిర్వచింపవచ్చును. అంటినదే లేని యంటును నిర్వచించుట యెట్లు? అది యుండెనని చెప్పి, యికఁ జెల్లదని నిషేధించుటయే సాధ్యము. శాసనము వచ్చినంత మాత్రమున నాచార మంతటను నశించినదనుట సత్యము కాదు. కాని పూర్వ మితరులను నిషేధించిన పదమే యిప్పుడు తాను నిషిద్ధమైనది.

పాఠశాలలయం దీపదమును బోధించునపుడు పర్యాయపదములను వల్లెవేయించుటతోఁ దృప్తిపడరాదు. అంటు, ముట్టు, మైల, మఱక, మచ్చ అను వానిని సమానార్థకములుగా నొక్క వరుసను వ్రాయించినచో, బాలుఁడు గిన్నెకంటిన మెతుకును, మనుష్యునికిఁ గట్టిన నిందను నొక్కటిగా నేర్చుకొనును. క్రియ కేవిభక్తి వచ్చినదో చూపి, ఏమి యంటినదో యడిగి, యుత్తరము లేనిచోట లేదనియే చెప్పింపవలెను. ఆప్రశ్నకు బాలు రెఱిఁగిన లక్ష్య మొకటి చాలును. 1962 సార్వత్రికపు టెన్నికలనుండి, సిల్వర్ నైట్రేట్ గల యొక సిరాను ఓటు వేసినవారి వ్రేలిపై నుంచుచున్నారు. చర్మముతోఁ గలిసి, వెలుఁగు తగిలిన నల్లబడి, సబ్బునకుఁ బోక, గోరు పెరిగి చర్మము మాఱిన పిదపఁ గాని యది వదలదు. ఏమి యంటినది? సిరా. దేని కంటినది? వ్రేలికి. ఎవరి వ్రేలికి? వరుసలో నిలిచిన ప్రతివాని వ్రేలికి. ‘అంటు’ అను పదమున కర్థ మింతవఱకే.